రఘుపతి వెంకయ్య

తెలుగు చలనచిత్ర పితామహుడుగా ప్రసిద్ధి పొందిన రఘుపతి వెంకయ్య 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. పదిహేడేళ్ళ ప్రాయంలో మద్రాసు చేరి, ఛాయాచిత్రశాల నెలకొల్పి, కుదురైన జీవనాన్ని సంపాదించుకొన్నారు. అంతటితో తృప్తిపడే స్వభావం ఆయనది కాదు.

ఆ రోజులలో ఫ్రాన్సు దేశపు గామాంట్ సంస్థ క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని రూపొందించింది. తెరపై బొమ్మ కదులుతుండగా అందుకు తగిన ధ్వని గ్రామఫోను రికార్డు నుండి వెలువడటం దాని విశేషం. 1910లో వెంకయ్య తన ఛాయాచిత్రశాలను తాకట్టు పెట్టి, సుమారు 30,000 రూపాయలకు ఆ యంత్రాన్ని కొన్నారు. అది విఫలమైతే అన్నం పెట్టే వృత్తే చేజారిపోయేది.

దానిని నడపడమూ తేలిక కాదు. బొమ్మ ఫిల్ముపైన, ధ్వని రికార్డుపైన ఉంటాయి. రెంటినీ ఒకే క్షణంలో ఆరంభించి, ఒకే వేగంతో సాగించాలి. తెగిన ఫిల్ములో జానెడు ముక్క తీసివేసి అతికితే చాలు, అక్కడి నుండి పెదవులు ముందు కదులుతాయి, మాట వెనుకబడుతుంది. ఇన్ని చిక్కుల నడుమ, మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో మొదలైన ప్రదర్శనలను ఆయన బెంగుళూరు, సింహళం, బర్మాల వరకు తీసుకొనిపోయారు. డేరాలో సినిమా చూపడం ఎంతటి శ్రమయో టూరింగు టాకీసులు ఎరిగిన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు పెద్దలను అడిగితే చెప్పగలరు.

1914లో ఆయన మద్రాసులో గెయిటీ థియేటరును నిర్మించారు. ఆ నగరంలో భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలు అదే. క్రౌన్, గ్లోబ్ తరువాత వచ్చాయి. కుమారుడు సూర్యప్రకాశ్‌ను విదేశాలకు పంపి చిత్రనిర్మాణం నేర్పించారు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి, 1921లో సూర్యప్రకాశ్ దర్శకత్వంలో 'భీష్మప్రతిజ్ఞ' నిర్మించారు. అది మూకీ చిత్రం. ధ్వనితో ప్రారంభించినవారు మౌనచిత్రం తీయడం వింతగా తోచవచ్చు. కారణం స్పష్టమే. రికార్డు కొద్ది నిమిషాలకే ముగిసేది. దానిలో పాట పట్టునేగాని భారతకథ పట్టదు. ఆయన ఆశకు ఆనాటి యంత్రం చాలలేదు.

తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చింది. అప్పటికి వెంకయ్య వయసు అరవై దాటింది. చిత్రనిర్మాణంలో వచ్చిన నష్టాల వలన కష్టించి కట్టిన థియేటర్లు చేజారాయి. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట నెలకొల్పిన పురస్కారాన్ని 1980లో మొట్టమొదట అందుకొన్నవారు ఎల్.వి.ప్రసాద్. ఆ 'భక్తప్రహ్లాద'లో ఆయన కూడా ఒక చిన్న పాత్ర ధరించారు.