హెలికాప్టర్‌లో రెక్క, సుబ్బారావు గారి మందులో రెక్క

ఆగస్టు వస్తే సింగపూర్ ఆకాశంలో జాతీయ పతాకాన్ని వేలాడదీసుకుని హెలికాప్టర్లు తిరుగుతాయి. ఆ మాటను మా అబ్బాయి హె-లి-కాప్-టర్ అని నాలుగు ముక్కలు చేశాడు. పలకడానికి, స్పెల్లింగ్‌కి అది సరిపోతుంది. అర్థం కోసం విడదీస్తే ముక్కలు రెండే. గ్రీకులో హెలికో అంటే సుడి, ప్టెర్ అంటే రెక్క. మనం సంధి విడదీసినట్టే అన్నమాట. ఆ రెక్క మన భీమవరం మనిషి జీవితంలోనూ ఉందని వాడికి చెప్పాను. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అన్నగారు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి చిక్కిపోయే రోగం అది. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గర వదిలి 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది.

లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. పాలకూర ఆకుల నుంచి తీశారు కాబట్టి ఫోలిక్ అన్నారు. దాని రసాయన నామం టెరోయిల్‌గ్లుటామిక్ ఆసిడ్. నోరు తిరగదు కదా? విడదీసి చూడండి. టెరోయిల్‌ మొదట్లో ఇంగ్లీషులో ‘పి’ రాస్తారు, పలకరు. అది హెలికాప్టర్‌లోని రెక్కే. ఆ జాతి పదార్థాలు మొదట సీతాకోకచిలుక రెక్కల రంగుల్లో దొరికాయి. గ్లుటామిక్‌లో ఉన్నది గోధుమ పిండిలోని గ్లూటెన్. ఈ మందు స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నగారికి మాత్రం అందలేదు.

ఫోలిక్ ఆసిడ్‌ను కొద్దిగా మార్చి లెడర్లీ వాళ్లు అమినోప్టెరిన్ చేశారు. ఇందులోనూ అదే రెక్క. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చారు. కొందరిలో కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. 53 ఏళ్లే. 1923లో వెళ్లిన మనిషి మళ్లీ సొంత ఊరు చూడలేదు.

కడుపుతో ఉన్నప్పుడు మనలో చాలామంది ఫోలిక్ ఆసిడ్ మాత్ర వేసుకున్నవాళ్లమే. ఈసారి పిల్లలు పొడుగాటి మాట చూసి బెదిరితే, ఆ పేరునే ముక్కలు చేసి చూపించండి. దాని వెనక ఉన్న మనిషి గురించి కూడా చెప్పండి.