అబ్రహాము లింకను

తెలుగున విజ్ఞానగ్రంథములను వరుసగా ప్రకటింప బూనిన విజ్ఞానచంద్రికా మండలి 1906వ సంవత్సరమున హైదరాబాదులో వెలసెను. నల్లగొండ సీమవారగు రావిచెట్టు రంగారావుగారును, నైజాము గ్రామముల నడుమ ద్వీపమువలె నుండిన మునగాల పరగణాకు దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారును దాని స్థాపకులలో ముఖ్యులు. మండలి తొలిగ్రంథము రాజచరిత్రము గాదు, భక్తచరిత్రము గాదు; గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. వెట్టి నెరిగిన సీమలో ఈ యెన్నిక తగినదనియే మేము తలంతుము.

లింకను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీని కెంటకీ రాష్ట్రమున దుంగలతో గట్టిన యొంటిగది గుడిసెలో జన్మించెను. తొమ్మిదవయేట తల్లి గతించెను. సవతితల్లియగు సారా ఆతనిని కన్నబిడ్డవలె సాకి చదువునకు ప్రోత్సహించెను. సవతితల్లులను గూర్చి మనలో గల దురభిప్రాయమునకు ఈమె చక్కని సమాధానము. ఆతడు బడికి పోయిన దినము లన్నియు గూర్చినను ఒక యేడు నిండదు. కట్టెలు గొట్టి, పడవ నడపి, అంగడి పెట్టి, భూములు గొలిచి, తుదకు తనంతట ధర్మశాస్త్రము జదివి వకీలయ్యెను.

ఆ దేశపు వ్యాధి పాతది. 1619లోనే వర్జీనియా వలసకు ఆఫ్రికావారిని ఇరువదిమందికి పైగా దెచ్చి యమ్మిరి. 1776లో మనుష్యులెల్లరు సమానులని చాటిన ప్రకటనమును వ్రాసిన జెఫర్సను తానే బానిసల యజమానుడు. 1787 నాటి రాజ్యాంగము బానిస యను మాటను వాడక, ప్రతినిధుల సంఖ్య తేల్చుటకై ఐదుగురు బానిసలను మువ్వురుగా లెక్కించెను. పెద్దలు వాయిదా వేసిన తగవు మనుమల నెత్తిపై బడెను. 1860 నాటికి బానిసలు దాదాపు నలుబది లక్షలు.

లింకను పుట్టుకతోనే విమోచకుడని వ్రాయుట మాకు సమ్మతము గాదు. బానిసత్వము క్రొత్త సీమలకు వ్యాపింపరాదనుటయే ఆతని తొలి కోరిక. ఉన్నచోట దానిని దాకనని చెప్పెను. 1858లో డగ్లసుతో జరిపిన ఏడు వాదములలో నల్లవారికి తెల్లవారితో సంపూర్ణసమానత్వము తాను గోరుట లేదనియు బలికెను. 1860లో అధ్యక్షుడుగా నెన్నికయ్యెను. ఆతడు పదవి స్వీకరింపకమునుపే దక్షిణ రాష్ట్రము లేడు విడిపోయెను. 1861 ఏప్రిలులో యుద్ధ మారంభమయ్యెను.

యుద్ధకాలమునను ఆతడు తన పక్షమున నిలిచిన బానిసరాష్ట్రములను, పరిహారము గైకొని క్రమముగా బానిసలను విడువుడని వేడెను. వారు వినలేదు. ఉన్నవాడు తనంతట విడుచుట యెక్కడను అరుదే. మన నల్లగొండ, మహబూబునగరు సీమలలో వెట్టి కూడదని సర్కారు ఉత్తరువులు వెలువడినను గడీలలో చాకలి, మంగలి, మాదిగల ఊడిగము మానలేదు. పెండ్లికూతు వెంట దాసీపిల్లలను బంపుటయు మానలేదు. లింకను చరిత్రము నింట నుంచుకొన్న గృహస్థులు తమ వాకిటి వెట్టివానిని జూచిరో లేదో! 1946లో నల్లగొండ రైతులు తిరుగబడిరి.

1863 జనవరి 1వ తేదీని వెలువడిన విమోచన ప్రకటనము తిరుగుబాటు సీమలకే వర్తించెను. అయినను, బానిసత్వమునుండి పారివచ్చిన ఫ్రెడరికు డగ్లసు వంటివారి యొత్తిడియు, సేనలో జేరిన దాదాపు 1,80,000 మంది నల్లసిపాయిల శౌర్యమును లింకను మనస్సును మార్చెను. 1865 ఏప్రిలు 11వ తేదీని, నల్లవారిలో చదువుకొన్నవారికిని సిపాయిలకును వోటు హక్కు నిచ్చుట మేలని ఆతడు బహిరంగముగా బలికెను. ఆ సభలో నిలిచి విన్న బూతను నటుడు 14వ తేదీ రాత్రి నాటకశాలలో ఆతనిని వెనుకనుండి కాల్చెను. మరునాటి యుదయమున లింకను ప్రాణము విడిచెను. బానిసత్వమును దేశమంతట రద్దుచేసిన పదుమూడవ రాజ్యాంగ సవరణము ఆ డిసెంబరులో స్థిరపడెను.