కోలాచల సీతారామయ్యగారు

కృష్ణామండలమందలి ఉయ్యూరున 1899లో కోలాచల సీతారామయ్యగారు జన్మించిరి. ఉన్నతవిద్యార్థియై అమెరికా చేరి, షికాగో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించిరి. పిదప సోవియట్ రష్యాకు తరలి, కందెననూనెల పరిశోధనకే జీవితము నర్పించిరి.

తీవ్రశీతమున నూనె గడ్డకట్టినచో యంత్రము కదలదు. అతితాపమున పలుచబడినచో లోహములు ఒరసికొని అరుగును. ఈ రెంటికిని తట్టుకొను స్నేహద్రవ్యములకై ఆయన శ్రమించిరి. ఇంధనమును, నూనెను, యంత్రమును కలిపి పరిశీలించు ‘కెమోటాలజీ’ శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఆయన యొకరు.

రష్యనుల నామసంప్రదాయము ననుసరించి ఆయన కాన్‌స్టాంటిన్ సెర్గేయెవిచ్ రామయ్య అయిరి. ఇంటిపేరు మరుగుపడినను ఆద్యములైన కకార సకారములు నిలిచినవి; తండ్రితాతల నాటి కోలాచలము ఒక్క యక్షరముగ మిగిలినది. 1977లో మాస్కోలో ఆయన దివంగతులైరి. సోవియట్ శాస్త్రగ్రంథములలో రామయ్యను చూచిన తెలుగు పాఠకుడు ఆ కకారమున ఉయ్యూరును గుర్తింపవలసియున్నది.