స్పిట్‌ఫైరు కల్పకుడు మిచెల్

వేడుకకై సేకరింపబడు అచ్చుపోత లోహపు యుద్ధవిమానముల బొమ్మలలో స్పిట్‌ఫైరు మిక్కిలి ప్రసిద్ధము. 36 అడుగుల 10 అంగుళముల దాని రెక్కల వెడల్పు 72వ వంతు బొమ్మలో సుమారు 6 అంగుళములగును. ఆ విమానమును కల్పించిన రెజినాల్డ్ మిచెల్ 1895లో ఇంగ్లండున జన్మించెను. 16 ఏండ్ల ప్రాయమున రైలుయంత్రముల కర్మాగారములో పని నేర్వ మొదలిడి, 1920లో సూపర్‌మెరీన్ సంస్థకు ప్రధాన యంత్రశిల్పి యయ్యెను. 1933లో పుట్టకురుపునకు శస్త్రచికిత్స జరిగినను పని మానలేదు. 1936 మార్చి 5న స్పిట్‌ఫైరు తొలిసారి యెగిరెను. 1937 జూన్ 11న, 42 ఏండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. రెండవ ప్రపంచయుద్ధమును చూడనేలేదు. నిజాము దానముచే హైదరాబాదు పేరు దాల్చిన 152వ దళము 1940లో ఈ విమానములతోనే బ్రిటను రక్షణకై పోరాడెను. విద్యార్థులారా, ఆ బొమ్మను చేతబట్టునపుడు రెక్కల సొగసుతోపాటు ఆ రోగపీడితుని పట్టుదలనుగూడ తలపవలెనని కోరుచున్నాము.