ఆపరేటర్‌పై అనుమానం.. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్‌కు శ్రీకారం!

ఇప్పుడు నంబర్ నొక్కితే చాలు, కాల్ నేరుగా వెళ్లిపోతుంది. ఒకప్పుడు మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ లైన్ కలిపితేనే మాట. ఆ పద్ధతిని మార్చేసింది ఇంజినీర్ కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్. తనకొచ్చే కాల్స్‌ను ఆపరేటర్ పోటీ వ్యాపారికి మళ్లిస్తోందని ఆయనకు అనుమానం వచ్చిందట. అంతే, మధ్యలో మనిషే అక్కర్లేని స్విచ్‌కు రూపమిచ్చి 1891లో పేటెంట్ పొందారు.

1892 నవంబర్ 3న ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే చిన్న ఊళ్లో తొలి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. కానీ స్ట్రౌజర్‌కు దక్కింది తక్కువే. పేటెంట్లను 1,800 డాలర్లకు, ఆపై కంపెనీలో వాటాను 10 వేల డాలర్లకు అమ్మేసుకున్నారు. 1902లో కన్నుమూశారు.

ఆయన పోయిన 17 ఏళ్లకు, అంటే 1919లో, దిగ్గజ బెల్ సంస్థ కూడా ఇదే పద్ధతికి రాక తప్పలేదు. మన దేశంలోనూ దశాబ్దాలపాటు స్ట్రౌజర్ ఎక్స్ఛేంజ్‌లే టకటకమంటూ లైన్లు కలిపాయి.