మహబూబ్ అలీ ఖాన్

మీర్ మహబూబ్ అలీ ఖాన్ (ఆగస్టు 17, 1866 - ఆగస్టు 29, 1911) హైదరాబాదు సంస్థానాన్ని పరిపాలించిన ఆరవ నిజాము. ఐదవ నిజాము అఫ్జల్ ఉద్దౌలా కుమారుడు. తండ్రి 1869లో మరణించగా రెండున్నరేళ్ళ పసివయసులో గద్దెనెక్కాడు. మొదట మొదటి సాలార్ జంగ్ మొదలైనవారు రాజ్యభారము వహించారు. 1884లో వైస్రాయి లార్డ్ రిప్పన్ సమక్షంలో పూర్తి అధికారాలు స్వీకరించాడు.

వేట, గుర్రాలు, ఖరీదైన దుస్తులు ఈయనకు ప్రాణం. 1886లో గుర్రపు పందేలు మౌలాలి నుండి మలక్‌పేటకు మారినది ఈయన కాలంలోనే. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వెళ్ళే దారిలో ఈ మైదానము, ఈయన పేరు మోసిన మహబూబ్ మాన్షన్ వస్తాయి. మాన్షన్ శిథిలమైంది, పందేలు నిలిచాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలాదిమంది మరణించారు. నిజాము తన భవనాలను నిరాశ్రయులకు తెరిపించాడు. బ్రాహ్మణుల సలహాపై మూసీకి హారతి ఇచ్చాడని నగరంలో నేటికీ చెప్పుకుంటారు.

మోటారు వాహనము

1911లో ఈయన కోసం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు పురమాయింపు జరిగింది. ఆ రోజులలో రోల్స్ రాయిస్ సంస్థ ఇంజను, చట్రము మాత్రమే తయారుచేసేది. పైభాగాన్ని బండ్ల తయారీదారులు నిర్మించేవారు. ఈ కారుకు లండనుకు చెందిన బార్కర్ సంస్థ వెనుక సింహాసనము వంటి ఆసనము, పైన గుమ్మటము అమర్చింది. బార్కర్ వారు అంతకు ముందు తరతరాలుగా గుర్రపు బండ్లు చేసినవారే. అందువలన బండ్ల పేర్లే కార్లకూ సంక్రమించాయి. పైకప్పు రెండుగా మడిచే లాండో పేరు జర్మనీలోని ఒక పట్టణానిది. వెనుక భాగము మాత్రమే మడిచేది లాండోలెట్. బ్రూమ్ అనేది లార్డ్ బ్రూమ్ 1838 ప్రాంతంలో చేయించుకున్న మూసిన బండి. ఫేటన్ పేరు గ్రీకు పురాణంలో సూర్యరథాన్ని అదుపు చేయలేకపోయిన సూర్యపుత్రునిది. సెలూన్ ఫ్రెంచి భాషలో పెద్ద గది. మనకు అది క్షౌరశాల అయింది. బండి వెనుక నౌకరు కూర్చునే పీట డికీ. రెండు ఆసనాల కార్లలో అది వెనుక తెరుచుకునే సీటయింది. మనవారు సామాను పెట్టుకునే చోటును నేటికీ డిక్కీ అంటారు.

కారు 1912లో సిద్ధమైంది. అప్పటికే నిజాము ఫలక్‌నుమాలో మరణించి, మక్కా మసీదు ఆవరణలో ఖననము చేయబడ్డాడు. అది కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. తిరిగినది బహు తక్కువ. తరువాత మరమ్మతులు చేసి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచారు.