గుక్కెడు నీళ్లు

పల్నాటి వీరుల తర్వాత ఈ సీమలో జనం నోట ఎక్కువగా వినబడే పేరు కన్నెగంటి హనుమంతు. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ఆయన జీవితం, మరణం నేటికీ మన సంఘాలను ఒక ప్రశ్న అడుగుతూనే ఉన్నాయి.

దుర్గి దగ్గరి మించాలపాడు ఆయన ఊరు. సేద్యం, పశువులే జీవనాధారం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో, తాతల కాలం నుంచి పశువులు మేసిన అడవి సర్కారు సొత్తయింది. పశువును అడవికి తోలాలంటే పుల్లరి కట్టాలి. లేకపోతే అది బందెలదొడ్డికి పోతుంది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఆ పన్ను రైతు నడుం విరిచింది. 1921లో సహాయ నిరాకరణ ఉద్యమం పల్నాటిని తాకింది. రైతుల గోడు వినడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని అరెస్టు చేసి జైలుకు పంపారు. అప్పుడు హనుమంతు గారు ముందు నిలిచారు. పుల్లరి కట్టవద్దని ఊరూరా చెప్పారు. ఉద్యోగులకు సరుకులు అమ్మేవారు లేరు, బట్టలు ఉతికేవారు లేరు, క్షౌరం చేసేవారు లేరు. జమీందారీ ఆశ చూపినా ఆయన లొంగలేదని పల్నాటివారు చెప్పుకుంటారు.

చౌరీచౌరా హింస తర్వాత, 1922 ఫిబ్రవరి 12న, శాసనోల్లంఘనను ఆపాలని కాంగ్రెస్ బార్డోలీలో నిర్ణయించింది. కానీ పల్నాడు అప్పటికే రగిలిపోతోంది. ఆ నెలలోనే సాయుధ పోలీసులు మించాలపాడుకు వచ్చారు. జనం ఎదురు నిలిచారు. తుపాకులు పేలాయి. హనుమంతు గారు, మరో ఇద్దరు బలయ్యారు. నెత్తుటి మడుగులో పడి ఆయన దాహమన్నారనీ, గుక్కెడు నీళ్లు పోయడానికి కూడా ఎవరినీ దగ్గరకు రానివ్వలేదనీ పెద్దలు చెబుతారు.

ఈ మాట విన్నప్పుడల్లా మాకు కల్వరి గుర్తొస్తుంది. మన ప్రభువు దప్పిగొన్నప్పుడు సిలువ కింద ఉన్నవారు కనీసం చిరకలో ముంచిన స్పంజీ అయినా అందించారు.

ఆ రోజుల్లో మన సంఘాలు ఎక్కడున్నాయి? హయ్యర్ అయ్యగారు 1849లోనే గురజాలలో సువార్త సేవ ప్రారంభించారు. 1922 నాటికి పల్నాటిలో విశ్వాసులున్నారు. అయితే మన దేశంలో పనిచేసే అమెరికా మిషన్లు ప్రభుత్వానికి వ్యతిరేకంగా పోబోమని మాట ఇవ్వాల్సిన కాలమది. అధికారులకు లోబడాలన్న రోమా 13వ అధ్యాయం మన పెద్దలకు కంఠతా వచ్చు. వారిని నిందించే అర్హత మాకు లేదు. కానీ ఆ అధ్యాయానికి ముందున్న 12వ అధ్యాయం చివరను మనమూ తొందరగా దాటిపోతుంటాం. శత్రువు దప్పిగొంటే దాహమియ్యమని పౌలు అక్కడే బోధించాడు. అధికారానికి లోబడడం గురించి చెప్పకముందే దాహం తీర్చడం గురించి చెప్పాడు.

అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరం గేటు ముందు 1990 తర్వాత చాలా ఏళ్లపాటు, నవంబరు వస్తే సిలువలు పట్టుకుని నిరసన తెలిపినవారిలో క్రైస్తవులున్నారు. అదే ఊళ్లో సైనికులకు మద్దతుగా సభ జరిపినవారిలోనూ క్రైస్తవులున్నారు. ఇరువైపులా ప్రార్థనలే. ఏ పక్షాన నిలవాలో ప్రతివారూ తమ మనస్సాక్షిని అడగాల్సిందే. అన్యాయమైన ఆజ్ఞ వచ్చినప్పుడు మనుష్యులకంటే దేవునికే లోబడాలని పేతురు, అపొస్తలులు సభ ఎదుటే తేల్చి చెప్పారు.

కానీ పక్షం ఏదైనా ఒక పని మాత్రం మనది. పుల్లరి కట్టని రైతు దాహమడిగినా, పన్ను వసూలుకు వచ్చి ఊరంతా వెలివేసిన చిరుద్యోగి దాహమడిగినా, నీళ్ల చెంబుతో ముందుకు నడవాల్సినవాడు విశ్వాసియే. తుపాకీ అడ్డుపడినా, తోటివారు వద్దన్నా ఆగకూడదు. తీర్పు దినాన ప్రభువు మనల్ని అడిగే లెక్కల్లో ఆ నీళ్ల లెక్క కూడా ఉందని మత్తయి సువార్త 25వ అధ్యాయం గుర్తుచేస్తోంది.

పల్నాటి ఎండలు మనకు తెలియనివి కావు. ఈ వారం మన వాకిట్లో దప్పికతో నిలిచినవారెవరో చూద్దాం. ఆమెన్.